ఏడ్వవద్దనే ఆదరణ: తిరుపతి, చిత్తూరు ప్రాంత సంఘాలలో మరణ సంస్కారములపై ఒక విమర్శ

మన వేదాంత కళాశాలలలో కాపరి పరిచర్యను గూర్చిన తరగతులలో మరణము అనే పాఠము తరచుగా ఒకే పుస్తకముతో మొదలవుతుంది. అది ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ప్రచురించిన 'ఆన్ డెత్ అండ్ డయింగ్'. నిరాకరణ, కోపము, బేరము, కృంగుదల, అంగీకారము అనే ఐదు దశలను విద్యార్థులు కంఠస్థము చేసి పరీక్షలో వ్రాస్తారు. తరువాత పుత్తూరు దగ్గరో పలమనేరు దగ్గరో ఒక పల్లెకు కాపరిగా వెళ్ళి, మొదటిసారి చావు జరిగిన ఇంటి ముందు నిలబడతారు. అక్కడ ఆ ఐదు దశలు కనబడవు. కనబడేది వాకిట్లో గుమిగూడిన ఊరు, గుండెలు బాదుకొని రాగము తీస్తున్న స్త్రీలు, గుంత ఎక్కడ త్రవ్వాలన్న తగవు.

ఆ పుస్తకమును తక్కువ చేయడము మా ఉద్దేశము కాదు. దాని పుట్టుకలో మనవంటి వారి పాత్ర కూడ ఉన్నది. 1965లో చికాగోలోని ఒక సెమినరీకి చెందిన నలుగురు విద్యార్థులు సహాయము కోరగా ఆమె మరణశయ్యపై ఉన్న రోగులతో మాట్లాడడము మొదలుపెట్టింది. పాశ్చాత్య దేశములలోనూ మరణము ఒకప్పుడు ఇంటిలో, అందరి ఎదుట జరిగేదనీ, 20వ శతాబ్దములో ఆసుపత్రి గదిలోనికి తరలిపోయిందనీ చరిత్రకారుడు ఫిలిప్ ఆరియెస్ చూపించాడు. ఆ గదిలో ఒంటరిగా పడి ఉన్న మనిషిని మాట్లాడనిచ్చినది కూబ్లర్-రాస్. అయితే ఆమె చెప్పినది చనిపోతున్నవారి గురించి. మనము దానిని దుఃఖములో ఉన్న కుటుంబమునకు అన్వయించి, అన్ని దేశములకు ఒకటే కొలత అనుకున్నాము.

ఆ కొలత వెనుక మూడు ఊహలు ఉన్నాయి. రోగికి తన రోగము తెలుసు. రోగికి తనదంటూ ఒక గది ఉంది. దుఃఖము ఒక మనిషి లోపల జరిగే వ్యవహారము. మన ప్రాంతములో ఈ మూడూ నిలవవు. డాక్టరు మాట ముందుగా పెద్దకొడుకు చెవిన పడుతుంది. "ఇంక ఇంటికి తీసుకొనిపోండి" అన్న మాటకు అర్థము అందరికీ తెలుసు. ముసలాయనకు మాత్రము ఎవరూ చెప్పరు. కాని బెంగళూరు నుండి చిన్నకొడుకు, అత్తగారి ఊరి నుండి కూతురు ఒకేరోజు దిగితే ఆయనకు ఎవరూ చెప్పనవసరము లేదు. అప్పుడు ఆయన చేసేది 'అంగీకారము' అనే మానసిక స్థితిలోనికి ప్రవేశించడము కాదు, అప్పగింతలు. ఎవరికి ఎంత బాకీ, బోరు నీళ్ళు ఏ కయ్యకు ముందు, పెళ్ళికాని బిడ్డ ఎవరి చేతిలో అన్నవి చెప్పి, బిడ్డల చేత గొంతులో ఇన్ని పాలు పోయించుకుంటాడు. యాకోబు తన కుమారులను మంచము చుట్టూ పిలిపించుకొన్నది (ఆదికాండము 49) చికాగో పుస్తకము కంటె ఈ మంచమునకే దగ్గర.

మన పొరుగువారి మరణమును కూడ మనము సరిగా చదవలేదు. నిరీక్షణ లేని అన్యులు అని ఒక్క మాటతో దాటిపోతాము. తిరుపతిలో కొండ ఎక్కే యాత్రికుడు వేసే కేక గోవింద. పాడె లేచినప్పుడు వినబడే కేకా అదే. చేజారిపోయిన దానిని 'గోవిందా' అని నవ్వుతూ అనేది కూడ ఈ తెలుగువారే. యాత్రకు, చావుకు, హాస్యమునకు ఒకే మాట వాడే జనులు మరణమునకు ఒక దారిని ఊహించుకొన్నారు. శ్రీకాళహస్తిని దక్షిణ కాశి అని, అక్కడ కన్ను మూసినవారి చెవిలో శివుడే తారకమంత్రము చెబుతాడని నమ్మేవారికి నిరీక్షణ లేదనడము సరికాదు. వారి నిరీక్షణ వేరు, మన నిరీక్షణ వేరు. పోల్చి బోధించవలసిన చోట లేదని కొట్టివేస్తే, విన్నవాడు మన ప్రసంగమును కూడ అలాగే కొట్టివేస్తాడు.

ఇక మన సంఘముల లోపలికి వద్దాము. స్త్రీలు శవము చుట్టూ కూర్చుండి ఒకరి భుజము మీద ఒకరు చేయి వేసి శోకాలు పెడతారు. తమిళ సరిహద్దు పల్లెలలో దానినే ఒప్పారి అంటారు. అది అరుపు కాదు. "ఇల్లు కట్టి గడప పెట్టకుండానే పోతివే నాయనా" అన్న ధోరణిలో చనిపోయినవాని కష్టము, మంచితనము, అతనికి జరిగిన అన్యాయము అన్నీ అందులో వరుసగా వస్తాయి. ఆసుపత్రికి డబ్బు ఇవ్వని బావమరిది పేరు కూడ వస్తుంది. మామూలు దినములలో నోరు విప్పని కోడలు ఆ ఒక్క దినము ఊరి ఎదుట నిజము చెప్పగలదు. సరిగ్గా అప్పుడు పాస్టరుగారు వచ్చి, మైకు అందుకొని, "ఏడ్వకండి, మనము విశ్వాసులము" అంటారు. వాక్యాధారముగా 1 థెస్సలొనీక 4:13 చదువుతారు. పౌలు అక్కడ దుఃఖమును నిషేధించలేదు. నిరీక్షణ లేనివారి దుఃఖము వంటిది వద్దన్నాడు. ఎపఫ్రొదితు చనిపోయి ఉంటే తనకు దుఃఖము మీద దుఃఖము కలిగేదని ఆ పౌలే ఒప్పుకొన్నాడు (ఫిలిప్పీ 2:27). స్తెఫనును పాతిపెట్టినవారు భక్తిపరులు, వారు బిగ్గరగానే ఏడ్చారు (అపొస్తలుల కార్యములు 8:2). యిర్మీయా ఏడ్పు తెలిసిన స్త్రీలను పిలిపించమన్నాడు, ఆ విద్యను కుమార్తెలకు నేర్పించమన్నాడు (9:17-20). మన ఆరాధన క్రమములో ఆ స్త్రీలకు ఒక్క నిమిషమైనా ఇవ్వలేదు. కీర్తన, వాక్యము, పెద్దల సాక్ష్యములు, ప్రార్థన, అన్నీ పురుషుల గొంతులే.

పలక సంగతి ఇంత తేలిక కాదు. సంస్కృతిని తిరిగి తెద్దాము అనే ఉత్సాహములో కొందరు యువ కాపరులు సమాధి కార్యక్రమమునకు పలకను పిలవాలంటున్నారు. వారి ఉద్దేశము మంచిదే. కాని 1865లో సూళ్లూరుపేటలో ఆగస్ట్ మిలియస్ ప్రారంభించిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను ద్వారా గాని, మదనపల్లె వైపు ఆర్కాటు మిషను ద్వారా గాని సంఘములో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబములవారు. వారికి పలక కేవలము కళ కాదు. పెద్దకులముల చావుకు వాయించడము, చావు కబురు మోసుకొని ఊరూరా తిరగడము వెట్టిలో భాగము. పలకను దించిన తాతలు సంస్కృతిని కాదు, వెట్టిని దించుకొన్నామనుకొన్నారు. అది తెలియకుండా మనుమలు దానిని గుడిలో వ్రేలాడదీయడము తొందరపాటు అని మా అభిప్రాయము. స్త్రీల శోకము మీద, కనీసము తమ ఇంటి శోకము మీద, అటువంటి మచ్చ లేదు.

చిన్న దినము, పెద్ద దినము పేరు మార్చుకొని 'ఆదరణ కూడిక' అయిన సంగతి అందరికీ తెలిసినదే. అచ్చు వేసిన కార్డు, ఫ్లెక్సీ, ఊరందరికీ భోజనము, దానికి అప్పు. దీని మీద ఎక్కువ వ్రాయనక్కరలేదు. అయితే విధవరాలి గాజులు, బొట్టు తీయించే తంతు కొన్ని విశ్వాసుల ఇండ్లలో ఇంకా చాటుగా జరుగుతున్నదని కాపరులకు తెలుసు. ఏడ్పును ఆపడానికి లేచిన గొంతు దానిని ఆపడానికి లేవదు.

అంతకంటె పెద్ద మౌనము శ్మశానము దగ్గర. పల్లెలో ఊరికి ఒకటి, దళితవాడకు ఒకటి. వాడ శ్మశానమునకు దారి ఎవరి కయ్యలోనుండో. 2019 ఆగస్టులో కుప్పము ప్రాంతము దాటి పాలారు తమిళనాడులో ప్రవేశించే వాణియంబాడి దగ్గర, భూస్వాములు దారి ఇవ్వనందున ఒక దళితుని శవమును వంతెన మీదనుండి త్రాళ్ళతో క్రిందికి దించారు. ఆ దృశ్యమును దేశమంతా చూచింది. సరిహద్దుకు ఇవతల మనమేదో మెరుగని అనుకోనక్కరలేదు. సంఘము లోపల కూడ ఏ కులమువారి సమాధులు ఏ వరుసలో అన్న లెక్క ఉంటే, పునరుత్థాన ప్రసంగము ఎవరికి?

మైల అన్న భావము కూడ మనలను విడిచిపోలేదని కోవిడ్ చూపించింది. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా ఆగి, అధికారిక లెక్క ప్రకారము 11 మంది చనిపోయారు. ఆ నెలలలో సొంత బిడ్డలే శవములను ముట్టడానికి భయపడ్డారు. తిరుపతిలో ముస్లిం యువకులు మతము చూడకుండ శవములను మోసి, ఎవరి ఆచారము ప్రకారము వారికి అంత్యక్రియలు జరిపించారు. శవమును ముట్టినవాడు ఏడు దినములు అపవిత్రుడని సంఖ్యాకాండము 19:11 చెబుతుంది. నాయీనులో యేసు పాడెను ముట్టాడు (లూకా 7:14). మన తెలుగు బైబిలు అనువాదకులు అక్కడ 'పాడె' అనే మాటనే వాడారు. ఆ మాట చదివి పెరిగిన మన సంఘములు ఆ నెలలలో ఎన్ని పాడెలు ముట్టాయో, ఎవరి సంఘము సంగతి వారు విచారించుకోవచ్చును.

శారా చనిపోయినప్పుడు అబ్రాహాము చేసిన పనుల వరుస గమనింపదగినది. ముందు ఆమె కొరకు ఏడ్చాడు. తరువాత లేచి, పరదేశిగా హేతు కుమారుల ఎదుట నిలబడి, పాతిపెట్టడానికి స్థలము అడిగాడు. ఊరికే తీసుకొమ్మంటే ఒప్పుకోలేదు. 400 తులముల వెండి తూచి, గుహతో, పొలముతో, సరిహద్దులలోని చెట్లతో సహా సాక్షుల ఎదుట స్థిరపరచుకొన్నాడు (ఆదికాండము 23). మన పల్లె సంఘములు అనేకము పాతిపెట్టుచున్న స్థలము ఏ సర్వే నంబరులో ఉన్నదో, శ్మశాన పోరంబోకుగా నమోదైనదో లేదో, దానికి దారి పటములో ఉన్నదో లేదో కాపరికి తెలియదు. తహశీల్దారు కార్యాలయములో అడంగల్ నకలు అడిగితే ఇస్తారు. చావు రాని నెలలో వెళ్ళి అడగడము మంచిది.