వాణిజ్య ఒప్పందాల్లో ‘శాస్త్రీయ’ పదం: పశ్చిమ నెల్లూరు తోలుబొమ్మలాట నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
వినోదసేవలకు విదేశీ విపణిలో ప్రవేశం కల్పించే వాణిజ్య ఒప్పందాలు కళాకారుణ్ణి ఏ పేరుతో గుర్తిస్తున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భారత్–బ్రిటన్ ఒప్పందంలోని ‘శాస్త్రీయ సంగీతకారులు’ అనే వర్గాన్ని తోలుబొమ్మలాట వైపు నుంచి చదివి, బొమ్మకు దొరికిన దారి ఆటగాడికి దొరకలేదని చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: వినోదసేవలు, విపణి ప్రవేశం, తోలుబొమ్మలాట, మార్గ–దేశి, డి.సి.పల్లి.

1. ఉపోద్ఘాతం:
పశ్చిమ నెల్లూరులో ఉదయగిరి చెక్క చెంచాలకు ప్రసిద్ధి. ఆత్మకూరు ప్రాంతంలోని మర్రిపాడు మండలం డి.సి.పల్లి తోలుబొమ్మలకు పేరొందింది. పొగాకు బోర్డు వేలంకేంద్రం ఉన్నదీ ఆ ఊళ్లోనే. చెంచా, పొగాకు, బొమ్మ మూడూ సరుకులే. సుంకం చెల్లిస్తే సరిహద్దు దాటగలవు. ఉదయగిరి చెంచాలకూ ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకూ భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం పేరులోనే ఉన్నట్టు అది వస్తువులకు పరిమితం. మేకతోలుపై గీసి, రంగులద్దిన బొమ్మ దాని పరిధిలోకి వస్తుంది; తెర వెనుక దాన్ని ఆడించే విద్య రాదు. ఆ విద్య వాణిజ్య పరిభాషలో ‘సేవ’.

2. సేవల ఒప్పందం – మనిషి ప్రయాణం:
1995లో అమల్లోకి వచ్చిన గాట్స్ ఒప్పందం సేవల సరఫరాకు నాలుగు రీతులను నిర్దేశించింది: సేవ సరిహద్దు దాటడం, వినియోగదారుడే రావడం, సంస్థ శాఖ తెరవడం, మనిషి స్వయంగా వెళ్లడం. తెలుగు సినిమా విదేశీ ప్రేక్షకుణ్ణి చేరడానికి నటుడు వెళ్లనక్కరలేదు. తోలుబొమ్మలాటకు నాలుగో రీతి తప్పనిసరి. సంప్రదింపుల్లో ఉపయోగించే సేవల వర్గీకరణ పట్టికలో నాటకం, సంగీత బృందాలు, సర్కస్ ‘వినోదసేవలు’గా ఉన్నాయి. కానీ పట్టికలో పేరుండటం వేరు, ప్రవేశం వేరు. ఏ దేశం ఏ మేరకు హామీ రాసిస్తే ఆ మేరకే తలుపు తెరుచుకుంటుంది. గాట్స్‌లో భారతదేశం కూడా విదేశీ చలనచిత్రాల దిగుమతిని ఏడాదికి 100కు పరిమితం చేస్తూనే హామీ ఇచ్చింది.

3. ‘శాస్త్రీయ’ పదం – మార్గ, దేశి భేదం:
2025 జులై 24న సంతకమైన భారత్–బ్రిటన్ సమగ్ర ఆర్థిక, వాణిజ్య ఒప్పందం ఏటా 1,800 మంది వరకు భారతీయ వంటనిపుణులకు, యోగా శిక్షకులకు, శాస్త్రీయ సంగీతకారులకు అవకాశం కల్పించింది. కళాకారులకు పేరుపెట్టి దారి చూపడం విశేషమే. అయితే ఇక్కడ విశేషణమే ద్వారపాలకుడు. నన్నెచోడుడి కాలం నుంచి తెలుగు సాహిత్య విమర్శ చర్చిస్తున్న మార్గ–దేశి భేదం ఇప్పుడు వాణిజ్య పత్రంలో అర్హతాసూత్రంగా మారింది.

తోలుబొమ్మలాట ఈ భేదానికి లొంగని కళ. పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’లోనే బొమ్మలాట ప్రస్తావన ఉంది. ‘రంగనాథ రామాయణం’ ద్విపదలు పాడే గొంతే మరుక్షణం కేతిగాడి, బంగారక్కల హాస్యాన్ని పలుకుతుంది. హార్మోనియం, మృదంగం, తాళాలు, కాళ్లకింద దరువువేసే చెక్కపలకలు ఒకే ప్రదర్శనలో కలుస్తాయి. ఇందులో ఎంత భాగం శాస్త్రీయమో విడదీసి చెప్పడం సాధ్యం కాదు. విడదీస్తే ఆట మిగలదు.

4. కుటుంబం – సంస్థ:
రెండో అడ్డంకి ‘ఒప్పంద సేవాదాత’ అనే భావన. సాధారణంగా స్వదేశంలోని ఒక సంస్థ ఉద్యోగిగా ఉండి, విదేశీ వినియోగదారుతో ఆ సంస్థ కుదుర్చుకున్న ఒప్పందం మేరకు వెళ్లే వ్యక్తి ఈ కోవలోకి వస్తాడు. బొమ్మలాట మేళం సంప్రదాయంగా ఒక కుటుంబం. భర్త బొమ్మ పడితే భార్య స్త్రీపాత్రలకు గొంతునిస్తుంది; పిల్లలు వాద్యాలు అందుకుంటారు. వీరిలో ఒక్కరికి మాత్రమే అర్హత ఇవ్వడమంటే ఆటను ఆపడమే.

5. ఆక్షేపణలు – సమాధానం:
కళను విపణికి అప్పగించరాదని, సాంస్కృతిక మార్పిడికి 1950లో ఏర్పడిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఉందని ఒక ఆక్షేపణ. ఆహ్వానం మీద వెళ్లే కళాకారులకు వీసాలు ఉన్నాయన్నది మరొకటి. రెండూ వాస్తవాలే. అయితే ఆహ్వానం దయ, హామీ హక్కు. వీసా నిబంధనను ఒక ప్రభుత్వం తానుగా మార్చుకోగలదు. ఒప్పందంలోని హామీని అలా మార్చలేదు. పైగా 2005 నాటి యునెస్కో సాంస్కృతిక వ్యక్తీకరణల వైవిధ్య ఒడంబడికలోని 16వ అధికరణం, వర్ధమాన దేశాల కళాకారులకు అభివృద్ధి చెందిన దేశాలు ప్రాధాన్యం ఇవ్వాలని చెబుతుంది. భారత్, బ్రిటన్ రెండూ ఆ ఒడంబడికలో భాగస్వాములే. అందులో ‘శాస్త్రీయ’ అన్న పరిమితి లేదు.

6. ముగింపు:
• ‘శాస్త్రీయ సంగీతకారులు’ అన్నచోట ‘సంప్రదాయ ప్రదర్శన కళాకారులు’ అనే వర్గం రాబోయే సంప్రదింపుల్లో చేరాలి.
• వ్యక్తితో పాటు మేళాన్ని ఒక యూనిట్‌గా గుర్తించాలి.
• సంప్రదింపుల బల్ల దగ్గర జానపద కళల పరిశోధకులకు స్థానం ఉండాలి. ఏ కళకు ఏ పేరు సరిపోతుందో చెప్పగలిగినవారు వారే.

అంతవరకు డి.సి.పల్లి రాముడు విదేశీ గోడమీద అలంకారంగా వేలాడగలడు, మాట్లాడలేడు.