రొండిన అరకిలో బరువు

ఒర ఎలా ఉండాలో న్యూజెర్సీ చట్టం రాసిపెట్టింది. తుపాకీని జారకుండా పట్టి ఉంచాలి. దాని ఒంటిని కప్పి కాపాడాలి. ఎప్పుడూ ఒకే తీరున, చేతికి అందే చోట నిలపాలి. తుపాకీ పూర్తిగా దిగాక ట్రిగ్గర్ కప్పుకుపోయి, దాని దగ్గరికి ఏదీ చేరకూడదు. ఇవన్నీ ఉంటేనే హోల్‌స్టర్, లేకపోతే అది వట్టి సంచి. అంతవరకు చట్టం బాగానే చెప్పింది. అది పెట్టుకొని కూర్చుంటే పొట్టలో పొడుస్తుందా, కారు నడిపితే తొడ తిమ్మిరెక్కుతుందా అన్నది మాత్రం ఎవరి నడుముకు వాళ్లకే వదిలేసింది.

ఈ వారం ఈ గొడవ ఎందుకంటే, మన ప్లెయిన్స్‌బరోలో తెలుగువాళ్లు నలుగురు కూర్చున్న చోట తుపాకీ మాట ఇదివరకటంత గుసగుసగా లేదు. 2022 జూన్ 23న సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో తీర్పు ఇచ్చేదాకా ఈ రాష్ట్రంలో మామూలు మనిషికి తుపాకీ వెంట పెట్టుకు తిరిగే పర్మిట్ రావడం కల్ల. తనకు ఫలానా ప్రాణాపాయం ఉందని ప్రత్యేకంగా నిరూపించుకోవాలి. తీర్పుతో ఆ షరతు పోయింది. అదే ఏడాది డిసెంబర్ 22న అప్పటి గవర్నర్ మర్ఫీ సంతకం పెట్టిన చట్టం కొత్త షరతులు తెచ్చింది. ఫీజు 200 డాలర్లు, గడువు రెండేళ్లు, శిక్షణ, రేంజ్‌లో పరీక్ష. వీటన్నిటికీ మించి, మన గురించి మంచి చెప్పేవాళ్లు నలుగురు కావాలి. వాళ్లు చుట్టాలు కాకూడదు, కనీసం మూడేళ్లుగా మనల్ని ఎరిగి ఉండాలి. మనవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. వీకెండ్ భోజనానికి పిలిస్తే నలభై మంది వస్తారు. ‘పోలీసులు అడిగితే నా గురించి రెండు ముక్కలు చెప్తావా’ అంటే అందులో నలుగురు మిగలడం కష్టం.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. హెచ్‌-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. వేట లైసెన్స్ వంటి ఒకటి రెండు మినహాయింపులు ఉన్నాయి, అంతే. స్నేహితుడితో రేంజ్‌కి వెళ్లి సరదాగా ఒకసారి పిస్టల్ పట్టుకోవడం కూడా చిక్కే. కాబట్టి గ్రీన్‌కార్డు ఇంకా రానివాళ్లు ఈ కాలమ్‌ను కాలక్షేపానికే చదవండి.

తుపాకీ ఎందుకన్న వాదన జోలికి నేను పోను. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపిన దగ్గరినుంచి ఆ వాదన ఇక్కడి తెలుగు ఇళ్లన్నిటిలోనూ జరిగింది. ఆయన దగ్గర ఆయుధం ఉంటే ఏమయ్యేదో ఎవరమూ చెప్పలేం. ఆ రాత్రి హంతకుడికి అడ్డుపడి గుండు దెబ్బ తిన్న ఇయాన్ గ్రిలట్ చేతిలోనూ ఆయుధం లేదు. భయం నిజం, దానికి మందు ఇదేనా అన్నది ఎవరి నమ్మకం వాళ్లది. పెట్టుకోవాలని నిశ్చయించుకున్న మనిషి దాన్ని ఎలా మోయాలన్నంత వరకే నా మాట.

ఈమధ్య రూట్ 130 మీద చిన్న స్టోర్ నడుపుకునే ఒకాయన నన్ను తోడు తీసుకుని హోల్‌స్టర్ కొనడానికి బయల్దేరారు. భీమవరం వైపు మనిషి. రాత్రి గల్లాపెట్టె మూసి, ఆ డబ్బుతో కారు దాకా నడిచే కాసేపటి కోసం పర్మిట్ తీసుకున్నారు. షాపులో అడుగుపెట్టగానే, “మెత్తగా ఉండేది ఇప్పించండి గురువుగారూ, ఒంటికి ఒత్తుకోకూడదు” అన్నారు. అంటూనే నైలాన్ గుడ్డతో కుట్టినదాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఎన్నో రకాల పిస్టళ్లకు సరిపోతుందని దాని అట్ట మీద రాసి ఉంది.

మొదట తీసి పక్కన పెట్టాల్సింది సరిగ్గా అలాంటిదే. పిస్టల్ బయటికి తీయగానే గుడ్డ ఒర మూతి ముడుచుకుపోతుంది, మళ్లీ పెట్టాలంటే రెండో చెయ్యి కావాలి. పైగా అంత మెత్తటి గుడ్డ మీద నుంచి నొక్కితే ట్రిగ్గర్ కదలవచ్చు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మనవాళ్లు అన్నది వేరే సంగతి గురించే గాని, పిస్టల్ విషయంలో అది అక్షరాలా నిజం. సిగ్ పి365కి చేసిన ఒరలో గ్లాక్ 43ఎక్స్ కూర్చోదు. కూర్చోకూడదు కూడా.

ఇప్పుడు ఎక్కువమంది వాడేది కైడెక్స్. 1965లో రోమ్ అండ్ హాస్ కంపెనీ విమానాల లోపలి భాగాల కోసం తయారుచేసిన ప్లాస్టిక్ రేకు ఇది. వేడి చేస్తే మెత్తబడుతుంది. అప్పుడు పిస్టల్ అచ్చు మీద వేసి నొక్కితే దాని ప్రతి మలుపూ పట్టుకుని చల్లారి బిగుస్తుంది. పిస్టల్ లోపలికి దిగినప్పుడు టక్కుమని వినిపిస్తుంది. ఆ చప్పుడు లేనిది కొనవద్దని నేను చెప్తాను. చెమటకు పాడవదు, ఏళ్లు గడిచినా ఆకారం చెడదు. ముట్టుకుంటే మాత్రం గట్టిగా, చల్లగా, పరాయి వస్తువులా ఉంటుంది.

తోలు ఒర అలా కాదు, వాడినకొద్దీ ఒంటి వంపు నేర్చుకుంటుంది. అయితే పాతబడి మూతి మెత్తబడితే ఆ అంచు మడతపడి ట్రిగ్గర్ గూట్లోకి దూరే ప్రమాదం ఉంది కనుక అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలి. ఇక మనవాళ్లలో కొందరికి ఆవు తోలు అంటే మనసొప్పదు. బోర్డెన్ పాల కంపెనీ ప్రకటనల్లో వెలిగిన ఎల్సీ ఆవు మన ప్లెయిన్స్‌బరోలోని వాకర్-గార్డన్ డెయిరీ ఆవే. 1941లో అది చనిపోతే ఇక్కడే పాతిపెట్టి రాయి వేశారు. ఆ ఊళ్లో ఉంటూ ఆవు తోలు నడుముకు చుట్టుకోవడానికి వెనకాడితే నేను నవ్వను.

వస్తువు తేలాక, ఒంటి మీద ఎక్కడ పెట్టుకోవాలన్నది తేలాలి. హోల్‌స్టర్ అనగానే మన కళ్ల ముందు కదిలేది 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణ నడుమే. న్యూజెర్సీలో ఆ ఠీవికి చోటు లేదు. తుపాకీ ఎవరికీ కనబడకుండా ఉండాలి. అంచేత ప్యాంటు లోపలివైపు, నడుము పట్టీకీ ఒంటికీ మధ్య దోపుకోవడమే చాలామంది చేసేది. మా నాయనమ్మ చిల్లర డబ్బుల సంచిని రొండిన దోపుకొని నాట్లు వేసేది, నీళ్లు తోడేది, పిల్లల్ని చంకనెత్తుకునేది. సంచి ఉందని ఆవిడ మరిచిపోయేదని కాదు. అది ఉందో లేదో తడిమి చూసుకోవలసిన అవసరం ఆవిడకు రాలేదు. నేను వెతికే సుఖం అదే.

బొడ్డును 12 గంటలు అనుకుంటే, 1 గంట దగ్గర పెట్టుకోవడం ఈ రోజుల్లో బాగా నడుస్తోంది. సన్నటివాళ్లకు అది చక్కగా దాగుతుంది, చేతికీ దగ్గర. నలభై దాటి, పప్పూ నెయ్యీ మానని మనబోటివాళ్లు కూర్చోగానే బొజ్జ వచ్చి దాని మీద పడుతుంది. పైగా గొట్టం చూసేది తొడ మొదట్లోని పెద్ద రక్తనాళం వైపు. జాగ్రత్త తెలిసినవాళ్లు అక్కడ పెట్టుకుని హాయిగానే తిరుగుతున్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. కొత్తవాళ్లకు మాత్రం 3, 4 గంటల మధ్య, తుంటి ఎముక వెనక ఉండే పల్లమే మేలంటాను. దానికీ ఒక చిక్కుంది. పటేల్ బ్రదర్స్‌లో కింది అరలో ఉన్న సోనామసూరి బస్తా కోసం వంగితే చొక్కా పైకి లేచి, పిడి లోకానికంతా కనిపిస్తుంది. నడుము వంచకుండా మోకాళ్లు వంచి దిగడం అలవాటు చేసుకోవాలి. కుర్తా వేసుకుంటే ఈ బాధ సగం తీరుతుంది. ప్యాంటు మీద కుర్తా అని చెప్తున్నాను. బొందుతో బిగించే పైజమా అరకిలో బరువు మోయలేదు.

ఆ బరువు మోసేది నిజానికి హోల్‌స్టర్ కాదు, బెల్టు. మంచి హోల్‌స్టర్ కొని దాన్ని ఆఫీసు బెల్టుకు తగిలించుకునేవాళ్లు ఎందరో. బరువు ఒక పక్కే పడి ప్యాంటు కుంగుతుంది, పిడి ఒంటికి ఎడంగా వాలుతుంది, చొక్కా మీద గుబ్బ తేలుతుంది. ఇక చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతుంది. బెల్టు బిగువుగా ఉంటే, హోల్‌స్టర్ పక్కన క్లా అనే చిన్న కొమ్ము దాని మీద ఒత్తి పిడిని ఒంటివైపు తిప్పుతుంది. అడుగున అంటించే నురుగు దిండు కింది భాగాన్ని ఎడంగా నెట్టి, పై భాగాన్ని లోపలికి వాలుస్తుంది. గుచ్చుకునే చోటు మారేదీ దీనితోనే. పిస్టల్‌ను కాస్త ముందుకు వంచడానికీ, పైకీ కిందికీ జరపడానికీ మరలు ఉంటాయి. కొన్న రోజున బాగా లేదనిపించిన హోల్‌స్టర్ ఆ మరలు తిప్పగానే దారికి వస్తుంది. చాలామంది తిప్పకుండానే దాన్ని సొరుగులో పడేసి ఇంకొకటి కొంటారు.

అసలు ఒరే లేకపోతే ఏమవుతుందో పక్క ఊరివాళ్ల కథే చెప్తుంది. న్యూజెర్సీలో ఆడే న్యూయార్క్ జెయింట్స్‌కు 2008 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిపించిన టచ్‌డౌన్ ప్లాక్సికో బర్రెస్‌ది. అదే ఏడాది నవంబర్ 28 రాత్రి ఆయన గ్లాక్ పిస్టల్‌ను నడుములో ఊరికే దోపుకొని మాన్‌హాటన్‌లో ఒక నైట్‌క్లబ్బుకు వెళ్లారు. అది ప్యాంటులోంచి కిందికి జారి పేలింది. గుండు ఆయన కుడి తొడలోనే దిగింది. గాయం మానింది, కేసు మాత్రం వదల్లేదు. అక్కడ చెల్లే పర్మిట్ లేదు. 2009లో నేరం ఒప్పుకుంటే రెండేళ్ల శిక్ష పడింది, 2011 జూన్‌లో విడుదలయ్యారు.

ఆ కేసు నడిచిన న్యూయార్క్ మనకు ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలెక్కితే గంట దూరం. మన న్యూజెర్సీ పర్మిట్ అక్కడ చెల్లదు. అంత దూరం ఎందుకు, పిల్లల్ని దింపడానికి బడి ఆవరణలోకి తుపాకీతో పోకూడదు. కంపెనీల్లో చాలావాటి నిబంధనలు ఆఫీసులోకి రానివ్వవు. 2022 చట్టం పార్కులు, లైబ్రరీలు, ఆసుపత్రులు, థియేటర్లు అంటూ పెద్ద జాబితానే రాసింది. అందులో ఏది నిలుస్తుంది, ఏది పోతుంది అని ఫెడరల్ కోర్టుల్లో అప్పటినుంచీ వాదనలు నడుస్తున్నాయి. ప్లెయిన్స్‌బరోలో కాపురం ఉండే తెలుగువాడు రోజులో ఎన్ని గంటలు దీన్ని పెట్టుకుంటాడో లెక్కవేస్తే, పెట్టుకున్న సేపటికన్నా తీసి ఉంచిన సేపే ఎక్కువ.

అందుకే హోల్‌స్టర్ సుఖం గురించి అందరూ చెప్పే మాటకు నేను ఇంకొకటి కలుపుతాను. రోజంతా మోయడానికి హాయిగా ఉంటే చాలదు, తీయడానికి తేలికగా ఉండాలి. ప్రమాదాలకు ఎక్కువ ఆస్కారం పిస్టల్ ఒరలో ఉన్నప్పుడు కాదు, ఒరలోంచి తీసేటప్పుడూ తిరిగి దోపేటప్పుడూ. బడి దగ్గర పార్కింగులో, స్టీరింగుకీ పొట్టకీ మధ్య ఇరుక్కుని పిస్టల్ బయటికి లాగడం కన్నా తెలివితక్కువ పని లేదు. బెల్టు చుట్టూ తిరిగే లూపులున్న ఒర ఎంత హాయిగా ఉన్నా, బెల్టు విప్పితే గాని రాదు. గట్టి క్లిప్పు ఉన్న ఒర అయితే పిస్టల్‌తో సహా, ట్రిగ్గర్ మూసి ఉండగానే, ఒకే ముద్దగా ఊడి చేతిలోకి వస్తుంది. అలాగే తీసుకెళ్లి తాళం పెట్టెలో పెట్టేయొచ్చు. తిరిగి పెట్టుకునేటప్పుడూ అంతే. ముందు పిస్టల్ ఒరలోకి, ఆ తర్వాత ఒర నడుములోకి. ఇంట్లో పిల్లలుంటే ఈ పెట్టె సంగతి ఇంకా ముఖ్యం. గుండ్లు నింపిన తుపాకీని జాగ్రత్త చేయకుండా వదిలేసి, అది 16 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే ఈ రాష్ట్రంలో నేరం.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. హోల్‌స్టర్లు చేసేవాళ్లు బెల్టు ఉందనుకునే చేస్తారు. చీరకూ సల్వార్‌కూ బెల్టు ఏది? నడుముకు చుట్టుకునే వెడల్పాటి సాగే పట్టీలు దొరుకుతాయి. వాటిలో చాలామటుకు ట్రిగ్గర్‌కు వట్టి గుడ్డే అడ్డం. లోపల కైడెక్స్ తొడుగు ఉన్నదైతేనే సరే. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం తేలికే. కానీ బంధువుల ఇంట్లో ఆ బ్యాగు ఏ సోఫా మీద ఉంటుందో, ఏ పసివాడు చాక్లెట్ కోసం అందులో చెయ్యి పెడతాడో మనకు తెలియనిది కాదు.

భీమవరం ఆయన చివరికి కైడెక్స్‌దే తీసుకున్నారు, క్లిప్పు ఉన్నది. పిస్టల్ ఖాళీ చేసి, రెండుసార్లు చూసుకుని, గుండ్లు వేరే గదిలో పెట్టి, ఇంట్లోనే కొన్ని సాయంత్రాలు పెట్టుకుని తిరగమన్నాను. నేల మీద కూర్చుని భోంచేయండి, వంగి బూట్ల తాడు కట్టుకోండి, కారెక్కి సీటు బెల్టు పెట్టుకోండి అని చెప్పాను. గట్టి బెల్టు కూడా చూపించాను. 60 డాలర్లు అనగానే వినిపించుకోనట్టు నడిచి వెళ్లిపోయారు.

వారం తిరక్కుండా ఫోన్. “అంతా బానే ఉందండి. నడుస్తుంటే మాత్రం ఓ పక్కకి జారిపోతంది. ఒర మార్చేద్దామాండి?”

“బెల్టు ఏది పెట్టారండీ?”

కాసేపు మాట లేదు. “మా పెళ్లి సూటుతో వచ్చిందేనండి. పాతికేళ్లయినా చెక్కుచెదర్లేదండి బాబూ!”