చూపించకుండా ఆపడమే విద్య

విజయవాడ హైవే మీద హయత్‌నగర్‌ దాటి ముందుకెళ్తే రామోజీ ఫిల్మ్‌సిటీ. హైదరాబాద్ సిటీ వైపు తిరిగితే దిల్‌సుఖ్‌నగర్‌లో కోణార్క్, వెంకటాద్రి థియేటర్లు. సినిమా తీసే చోటికీ చూసే చోటికీ మధ్యలో ఉన్న ఊరు మాది. అందుకేనేమో, ఇక్కడ చాయ్ తాగడానికి నిలబడినా సినిమా మీద వాదన తప్పదు. ఆ వాదనల్లో ఎక్కువ మంది మూడు గదులు కట్టేస్తారు. పాత క్లాసిక్కులు పెద్దవాళ్లకి, దెయ్యాల సినిమాలు కాలక్షేపానికి, ఫైట్లు కుర్రకారుకి. నేను ఒప్పుకోను. ఈ మూడింటికీ కావాల్సిన విద్య ఒక్కటే: దేన్ని చూపించకుండా ఆపాలో తెలియడం.

1957లో కె.వి. రెడ్డి తీసిన 'మాయాబజార్' చూడండి. పాండవులు రాజ్యం పోగొట్టుకోబట్టే శశిరేఖా అభిమన్యుల పెళ్లికి అడ్డం పడింది. కథంతా వాళ్ల కష్టం చుట్టూనే తిరుగుతుంది. కానీ ఆ ఐదుగురిలో ఒక్కరూ తెర మీదికి రారు. రాలేదన్న సంగతి కూడా చాలామందికి ఎవరో చెప్తే గాని తట్టదు. ఇక ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో తిరిగే ఘట్టంలో సావిత్రి నడకలో, చూపులో, భుజాల విరుపులో ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావును దింపేశారు. అక్కడ రాక్షసుడు తెర మీద లేడు. ఉన్నాడని నమ్మింది మనం.

రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన 'రాత్రి'లో భయం కూడా ఇలాగే పుడుతుంది. రేవతి వెనకాల కెమెరా నేలబారుగా, మెల్లగా కదులుతుంటే అది ఎవరి చూపో మనకి చెప్పరు. అంత భయం ఏ మేకప్పూ పుట్టించలేదు. 'అరుంధతి' (2009) గ్రాఫిక్సుతో నిండిన సినిమా కదా అని స్నేహితులు నాతో వాదిస్తారు. నిజమే. అయినా ఆ సినిమా పేరెత్తగానే ముందు గుర్తొచ్చేది విలన్ పశుపతి గొంతు. సోనూ సూద్‌కి పి. రవిశంకర్ చెప్పిన డబ్బింగ్ అది. సమాధి లోపలి నుంచి ఆ గొంతు ఒక్కటే వినిపిస్తున్నంతసేపూ మనిషి కనిపించినప్పటికంటే ఎక్కువ వణుకు పుడుతుంది.

యాక్షన్‌కి ఇది వర్తించదనుకుంటే పొరపాటు. 1989లో 'శివ' అంతమందిని పట్టేసింది దెబ్బల లెక్కతో కాదు. నాగార్జున చెయ్యి సైకిల్ చైన్ దగ్గరికి వెళ్లేదాకా కోపాన్ని బిగబట్టి ఉంచడం వల్ల. రఘువరన్ వేసిన విలన్ భవానీ కూడా అంతే. అప్పటిదాకా చాలామంది విలన్లు అరిచి భయపెడితే, ఈయన గొంతు పెంచకుండానే హడలెత్తించాడు. అన్నీ భారీగా చూపించే 'బాహుబలి' (2015) సైతం యుద్ధాన్ని వెంటనే చూపించకుండా ముందు త్రిశూల వ్యూహం ఏమిటో ఓపిగ్గా చెప్పింది. అందుకే వేలమంది కలబడుతున్నా ఎవరు ఎటు ఉన్నారో తికమక పడం. ఇప్పుడొస్తున్న చాలా ఫైట్లలో ఆ ఓపిక లేదు. ఎవరు ఎవర్ని కొట్టారో కంటికి ఆనేలోపే షాట్ మారిపోతుంది. ఆ లోటును నేపథ్య సంగీతం మోతతో పూడ్చాలని చూస్తారు. చెవులు నొప్పెడతాయి, గుండె మాత్రం కదలదు. డబ్బులు పెట్టి వచ్చిన ప్రేక్షకుడి ఊహ మీద నమ్మకం లేకపోవడమే దీనికి మూలం.

అందుకే కుర్రాళ్లకి నేను చెప్పేది ఒకటే. నచ్చిన సినిమాని రెండోసారి చూడండి. దెయ్యాల సినిమా అయితే దెయ్యాన్ని వదిలేసి కెమెరా ఎక్కడుందో గమనించండి. ఫైట్ అయితే మొదటి దెబ్బకి ముందు ఎంతసేపు ఆగారో చూడండి. 2025లో 'శివ' 4కెలో మళ్లీ థియేటర్లకి వచ్చింది. చైన్ తెగుతుందని అందరికీ తెలుసు, అయినా జనం టికెట్ కొన్నారు. కథ తెలిశాక కూడా మనల్ని హాలుకి రప్పించేదే నా లెక్కలో క్లాసిక్. ఆ తూకంలో 'రాత్రి'నీ 'శివ'నీ 'మాయాబజార్' వరసలో కూర్చోబెట్టడానికి నాకు ఏ సంకోచమూ లేదు.