రక్షించడం, నాటడం: వుడ్‌ల్యాండ్ ట్రస్ట్ భాషపై ఒక పరిశీలన

బ్రిటన్‌లో స్థానిక వృక్షజాతుల అడవులను కాపాడే స్వచ్ఛంద సంస్థలలో వుడ్‌ల్యాండ్ ట్రస్ట్ ప్రముఖమైనది. 1972లో డెవన్ ప్రాంతంలో కెన్నెత్ వాట్కిన్స్ దీనిని స్థాపించారు. విరాళాలతో అడవులను కొని నిర్వహించడం దీని ప్రధాన పద్ధతి. సంస్థ ప్రచారంలో రెండు క్రియలు పక్కపక్కనే కనిపిస్తాయి: రక్షించడం, నాటడం. ఇవి ఒకే పనికి రెండు పేర్లు కావు. కొన్ని సందర్భాలలో రెండవది మొదటిదానికి అడ్డు నిలుస్తుంది.

సంస్థ వాదానికి ఆధారం 'ప్రాచీన అరణ్యం' అనే భావన. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1600 నుండి, స్కాట్లండ్‌లో 1750 నుండి ఎడతెగక అడవిగా ఉన్న నేలకు ఆ పేరు. యునైటెడ్ కింగ్‌డమ్ భూభాగంలో అది సుమారు 2.5 శాతం మాత్రమే. ఈ భావనకు చారిత్రక పునాది వేసినవారిలో ఆలివర్ రాక్‌హామ్ (1939–2015) ముఖ్యుడు. ఆయన దృష్టిలో అడవి అంటే చెట్ల మొత్తం కాదు. నేల, శిలీంధ్రాలు, వసంతంలో పరచుకొనే బ్లూబెల్ పూలు, సరిహద్దు గట్లు, మొదలంటా నరికినా మళ్ళీ చిగిర్చే యాష్ చెట్ల మోళ్ళు, వాటిని నరికిన మనుషుల చరిత్ర, ఇవన్నీ కలిసినదే అడవి. ఆయన అధ్యయనం చేసిన కేంబ్రిడ్జ్‌షైర్‌లోని హేలీ వుడ్‌కు 1251 నాటి సర్వే ఉంది. వంటచెరకుకు, కంచెలకు పనికివచ్చినందువల్లనే అటువంటి అడవులు మిగిలాయని ఆయన వాదం. రక్షణ అంటే గొడ్డలిని దూరంగా ఉంచడమేనని నమ్మే పాఠకుడికి ఇది కొంత ఇబ్బందికరమే.

హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 2008లో కొన్న హార్ట్‌వుడ్ ఫారెస్ట్‌లో ట్రస్ట్ సుమారు 6 లక్షల మొక్కలు నాటించింది. పాత అడవి తునకల నడుమ సాగుభూమిలో చేసిన ఆ పనిని తప్పుపట్టలేము. చిక్కు లెక్కతో వస్తుంది. మొక్కల సంఖ్య విరాళదాతకు సులువుగా అందుతుంది; నాలుగు వందల ఏళ్ళ నేల అందదు. ఆ సంఖ్యల భాషను ఎదుటి పక్షమూ వాడుకోగలదు. హెచ్.ఎస్.2 రైలుమార్గం కోసం ప్రాచీన అరణ్య భాగాలను తొలగించినప్పుడు కొత్త మొక్కలను, తవ్వి తరలించిన అటవీమట్టిని పరిహారంగా చూపారు. ఆ అడవులకు ప్రత్యామ్నాయం లేదని ట్రస్ట్ వ్యతిరేకించింది. న్యాయమైన మాటే. కాని నాటడాన్ని అంతటి పుణ్యకార్యంగా చెప్పిన నోటితోనే ఆ మాట చెప్పవలసి రావడం దాని బలాన్ని తగ్గించింది.

మన దేశంలో 2016 నాటి పరిహార అటవీకరణ నిధి చట్టం కూడా ఈ తర్కం మీదనే నిలిచింది. తెలుగులో అడవి వేరు, తోపు వేరు. సరుగుడు తోపును ఎవరూ అడవి అనరు. అధికార పరిభాషలో మాత్రం వన సంరక్షణ సమితి కాపాడే అడవికీ, వనమహోత్సవంలో నాటే మొక్కకూ 'వనం' అనే ఒక్క మాటే సరిపోతోంది.