మార్జిన్‌లో మేనరికం

ఫిరంగిపురం బాలయేసు గుడికి వచ్చినవాళ్లంతా తలెత్తి చూస్తారు. ఫాదర్ థియోడర్ డిక్‌మన్ 1888లో మొదలుపెట్టి 1891కి పూర్తిచేసిన కట్టడం, తలెత్తి చూడాల్సిందే. తల వంచి చూడాల్సిన పనితనం మాత్రం విచారణ (పారిష్) ఆఫీసు బీరువాలో ఉంటుంది: జ్ఞానస్నానాల రిజిస్టరు.

మా తాత ఎవరు, వాళ్ల నాన్న ఎక్కణ్ణుంచి వచ్చాడు అని వెతికేవాళ్లు చివరికి చేరేది దాని దగ్గరికే. గుంటూరు వైపు పాత కథోలిక రెడ్డి, కమ్మ కుటుంబాల్లో చాలావాటి మూలం రాయలసీమలో ఉంది. అక్కడ ఫ్రెంచి జేసు సభ (జెస్యూట్) గురువుల చేత జ్ఞానస్నానం పొంది, 18వ శతాబ్దంలో కొండవీటి సీమకు వలస వచ్చారు. గోపు, తుమ్మ, గాదె లాంటి ఇంటిపేర్లు ఆ దారివే. 1773లో జేసు సభ రద్దయ్యాక గురువులు కరువయ్యారు. 1875లో మిల్‌హిల్ సభ ఫాదర్లు వచ్చాక పనులు మళ్లీ గాడిన పడ్డాయి. దళితవాడల్లో చాలా కుటుంబాలు ఆ తర్వాత చేరాయి. కరణం లెక్కల్లో భూమి ఉన్నవాడి పేరే ఉండేది. జ్ఞానస్నానాల పుస్తకంలో మోతుబరి బిడ్డకూ కూలి బిడ్డకూ వాక్యం ఒకటే, అందులోని ఖాళీలూ అవే. సమాధుల తోటలో కులం గోడలు లేచిన ఊళ్లు దక్షిణాదిన ఉన్నాయి గనుక, పుస్తకంలోని ఈ సమానత్వం నాకు చిన్న విషయంగా కనపడదు.

పాత పుటల్లో ఆ వాక్యం లాటిన్‌లో ఉంటుంది. ఏ తేదీన ఎవరు ఇచ్చారు, బిడ్డ ఎప్పుడు పుట్టింది, తల్లి ఎవరు, తండ్రి ఎవరు, జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి ఎవరు, అంతే. తెలుగు పేరు ఆ అచ్చులో పడగానే వేషం మారుస్తుంది. ఇంట్లో ఇన్నయ్య పుస్తకంలో ఇగ్నేషియుస్. శౌరయ్య, ఫ్రాన్సిస్కుస్ జవేరియుస్. రాయప్ప, పెత్రుస్. చిన్నప్ప, పౌలుస్, ఆ లాటిన్ మాటకు అర్థం కూడా ‘చిన్నవాడు’ అనే. తాతపేరు రాయప్ప అనుకుంటూ ‘రా’ అక్షరం కోసం పుటలు తిప్పేవాడికి ఏళ్లు గడిచినా తాత దొరకడు.

అసలు కౌశలం వాక్యంలో కంటే దాని పక్క ఖాళీలో ఉంది. 1908లో అమల్లోకి వచ్చిన రోము కట్టడి ప్రకారం, పెళ్లి ఎక్కడ జరిగినా ఆ సంగతి జ్ఞానస్నానం జరిగిన గుడికి తెలియజేయాలి. రావిపాడులో పుట్టిన పిల్ల రెంటచింతలలో పెళ్లాడిందనుకోండి. అక్కడి గురువు రాసి పంపితే ఇక్కడి గురువు పాత పుస్తకం తీసి, ఇరవై ఏళ్ల కిందటి ఆ బిడ్డ వాక్యం వెదికి, మార్జిన్‌లో భర్త పేరు, ఊరు, తేదీ రాస్తాడు. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), గురుపట్టం, కన్యాస్త్రీ మాటపట్టు, అన్నీ అక్కడికే చేరతాయి. ఒకే వాక్యం చుట్టూ రెండు మూడు చేతిరాతలు, రెండు మూడు రంగుల సిరాలు. అత్తారింటికి పోయిన ఆడపిల్ల వంశవృక్షాల్లో మాయమవుతుంది, ఇక్కడ మాత్రం ఆమె వెళ్లిన ఊరు దొరుకుతుంది.

పెళ్లిళ్ల పుస్తకం ఇంకా తమాషా. మనకు మేనరికం ముద్దు, కథోలిక శ్రీసభకు అడ్డంకి. 1918 వరకూ నాలుగో తరం దాకా, అంటే ఇద్దరికీ ముత్తాత తండ్రి ఒకడే అయినా, సడలింపు తీసుకోవాల్సిందే. మేనత్త కొడుకు, మేనమామ కూతురు అయితే రెండో తరం. అక్క కూతుర్ని చేసుకుంటే రెండో తరం ఒకటో తరాన్ని తాకినట్టు. ఆ లెక్క వేయాలంటే గురువు పెద్దల్ని కూర్చోబెట్టి వేళ్లు మడిచి తరాలు అడగాలి. చుట్టరికాలు కూడవన్న నియమమే వాటిని కాగితానికెక్కించింది! ‘రెండో తరం, సడలింపు అయింది’ అన్న చిన్న మాట దొరికితే, రెండు కుటుంబాలకు తాత ఒకడేనని తేలినట్టే.

ప్రకాశం జిల్లా వైపు కథ వేరు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్టిస్టులు ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, కాబట్టి అక్కడి చిట్టాలో కనపడేది పెద్దయి నమ్మకం చెప్పిన మనిషి. పుట్టిన వారానికే తల్లిదండ్రుల పేర్లతో నమోదైన బిడ్డ కావాలంటే కథోలిక, లూథరన్ పుస్తకాలే చూడాలి.

ఇక సమాధులు. పల్నాటి నాపరాయి పలక మీద పైన సిలువ, కింద ఇంటిపేరు, పేరు, మరణించిన ఏడు, వయసు. ఉలి లోతుగా దిగినచోట అక్షరం స్పష్టంగా నిలుస్తుంది. ‘ళ’, ‘ఱ’ల మెలికల దగ్గరే రాయి పెచ్చులూడుతుంది. నవంబరు 2న సమాధుల పండుగకు ముందు కుటుంబమంతా వచ్చి గడ్డి పీకి, సున్నం కొడుతుంది. పిడుగురాళ్ల సున్నం దగ్గర్లోనే గనుక కొదవ లేదు. ఏటేటా ఒక పూత. ముప్ఫై పూతలకు ఉలి చెక్కిన గాడి పూడి అక్షరం కనపడకుండా పోతుంది. పట్టించుకోని సమాధి మీద పేరు చదవగలం, ప్రేమగా చూసుకున్న సమాధి మీద చదవలేం. గీకితే రాయి పాడవుతుంది, ఆమ్లం అసలే వద్దు. పొద్దు వాలేవేళ ఏటవాలు ఎండ పడ్డప్పుడు పక్కనుంచి చూడాలి. ఎండ లేకపోతే అద్దంతో వెలుగు మళ్లించాలి. అప్పుడు గాడుల నీడల్లో ఇంటిపేరు లేస్తుంది, తర్వాత ‘రాయప్ప’, తర్వాత మరణించిన ఏడు. వయసు మటుకు చాలాసార్లు ఉజ్జాయింపు లెక్క, ‘80 సం.’ అంటూ. ఆ ఏట్లోంచి ఎనభై తీసేసి, అటూ ఇటూ పదేళ్లు కలుపుకుని, బీరువాలో పెత్రుస్ కోసం వెతకడం మొదలుపెట్టాలి.