‘గుజిష్తా లఖ్‌నవూ’ చివరి పుట తరువాత

మౌలానా అబ్దుల్ హలీమ్ షరర్ (1860–1926) రచించిన ‘గుజిష్తా లఖ్‌నవూ’ చదవటం ముగిసేసరికి పాఠకుని ఎదుట మిగిలేవి మట్టి పాత్రలు. అవధ్ నవాబుల చరిత్రతో ఆరంభమైన గ్రంథం తాంబూలం, హుక్కా, పల్లకీలు దాటుకుంటూ వచ్చి కుమ్మరి సారె దగ్గర ఆగిపోతుంది. ఉపసంహారం లేదు, విలాపమూ లేదు. 1913 నుండి స్వీయపత్రిక ‘దిల్‌గుదాజ్’లో విడివిడిగా వెలువడిన వ్యాసాలు గనుక ముగింపు కుదరలేదని సరిపెట్టుకోవచ్చు. కాని ఆ సమాధానం ఈ గ్రంథానికి చాలదు.

షరర్ వర్ణించిన లఖ్‌నవూను షరర్ చూడలేదు. వాజిద్ అలీ షా పదవీచ్యుతుడైనది 1856లో. గ్రంథకర్త జన్మించినది నాలుగేండ్ల తరువాత. ఆయన కౌమారం గడిచినది కలకత్తా చెంత మటియా బుర్జ్‌లో. రాజ్యం పోయిన నవాబు అక్కడ హుగ్లీ ఒడ్డున భవనాలతో, జంతుశాలతో, కవిగాయకులతో మరొక లఖ్‌నవూను నిలబెట్టుకున్నాడు. 1887లో ఆయన మరణంతో అదీ చెదిరిపోయింది. అంటే గ్రంథకర్త కన్నులారా చూచినది నకలును. అసలును పెద్దల నోట విని కూర్చుకున్నాడు. అంగరఖా కోత, సలాము చేసే తీరు, పావురాల పెంపకం ఇంత పట్టుదలగా గ్రంథానికెక్కటానికి ఇదే కారణం కావాలి.

మదర్సాలో చదివినవారు మొదట వెదికేది ఫిరంగీ మహల్ ఉలమా ప్రసక్తిని. ముల్లా నిజాముద్దీన్ (మరణం 1748) రూపొందించిన దర్సె నిజామీ పుట్టిల్లు అది. దాని ప్రసక్తి ఉంది. కాని వంటకాలకు దక్కినంత చోటు విద్యకు దక్కలేదు. ఇది కొందరికి కష్టంగా తోచవచ్చు. అయితే దర్సె నిజామీ నేటికీ మదర్సాలలో బ్రతికే ఉంది. వంటవాని హస్తవాసి అతనితోనే పోతుంది. పోయేదాని మీదనే షరర్ సిరా ఖర్చుపెట్టాడు.

అసలు లోపం వేరొకచోట ఉంది. షరర్ తన వ్యాసమాలకు పెట్టిన శీర్షికలో లఖ్‌నవూను హిందూస్తాన్‌లో ప్రాచ్య ‘తమద్దున్’కు కడపటి నమూనా అన్నాడు. తమద్దున్ మదీనా నుండి వచ్చినట్లే మన ‘నాగరికత’ నగరం నుండి వచ్చింది. తెలుగు అనువాదకునికి ఇంత చక్కగా అమరే మాట అరుదు. 1975 నాటి ఆంగ్లానువాదం తన శీర్షికలో ‘కల్చర్’ అన్నది. ఆ పదం పుట్టుక పొలం దున్నటంలో ఉంది. విచిత్రమేమంటే గ్రంథంలో కనిపించనిది సరిగ్గా ఆ పొలమే. ఆ దస్తర్‌ఖాన్‌లకు శిస్తు కట్టిన అవధ్ రైతు ఎక్కడ? ఇబ్ను ఖల్దూన్ 1377లోనే తన ‘ముఖద్దిమా’లో భోగాన్ని రాజ్యాల వార్ధక్య లక్షణంగా ఎంచాడు. స్వయంగా చరిత్రకారుడైన షరర్‌కు ఆ ప్రశ్న తట్టకపోదు. తట్టినా దానిని చివరిదాకా వెంబడించలేదు. కడపటి పుటల్లోని కుమ్మరి సైతం పనితనంగానే కనిపిస్తాడు, అతని కూలి ఎంతో తెలియదు.

షరర్ కొంతకాలం హైదరాబాదు కొలువులో ఉన్నవాడే. తెలుగులోకి ఈ గ్రంథాన్ని తేదలచినవారికి తమద్దున్‌కంటే చిక్కైనది పుటపుటనా ఎదురయ్యే ‘నఫాసత్’. శుభ్రత అంటే సగమే వస్తుంది. మిగతా సగానికి నాజూకు అనే మాటనే వాడుకోవాలి, అదీ ఫారసీ నుండి మనకు వచ్చినదే.