ఫ్రీడా ఆడే ఆట

ముఖానికి రంగులు పులుముకుని, పడక కుర్చీలో వెనక్కి వాలి, సిగరెట్ తాగుతున్నట్టు నటిస్తుంది ఆరేళ్ల ఫ్రీడా. ఇప్పుడామె అమ్మ. మామయ్య కూతురు ఆనా, ఇంకా చిన్నది, ఆమెకు బిడ్డ. ఆడుకుందాం రమ్మని బిడ్డ బతిమాలుతుంది. ఒళ్లంతా నొప్పులు తల్లీ, కాసేపు పడుకోనీ అంటుంది అమ్మ. ఆ గొంతులో విసుగు లేదు. ప్రేమ ఉంది, ఓపిక లేదు. చనిపోయిన తల్లి ఒక్క దృశ్యంలోనూ కనబడని ఈ సినిమాలో ఆమె చివరి రోజులన్నీ ఈ ఆటలోనే మన కళ్లకు కట్టాయి. ఏ ఫ్లాష్‌బ్యాకూ ఇంత చెప్పలేదు.

కార్లా సిమోన్ కాటలాన్ భాషలో తీసిన తొలి చిత్రం 'సమ్మర్ 1993'. 2017 బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ తొలి చిత్రంగా పురస్కారం అందుకుంది. కథ ఆమె బాల్యమే. ఎయిడ్స్ తల్లిని తీసుకుపోయాక, బార్సిలోనా పిల్ల పల్లెలో మామయ్య ఎస్టేవ్, అత్త మార్గాల ఇంటికి చేరుతుంది. ఆ జబ్బు పేరు మాత్రం సినిమాలో ఎక్కడా వినిపించదు. ఆటలో పడి ఫ్రీడా మోకాలు చీరుకుపోతే, నెత్తురు చూసిన ఒక తల్లి తన బిడ్డను కంగారుగా పక్కకు లాగేస్తుంది. అంతే. ఆ ఊరి భయమంతా ఆ ఒక్క గుంజుడులో ఉంది.

శాంతియాగో రకాజ్ కెమెరా పిల్ల ఎత్తుకే దిగి నిలుస్తుంది. పెద్దల మాటలు పక్కగదిలోంచి, తలమీది నుంచి తెగిపోతూ వినబడతాయి. ఫ్రీడాకు అర్థమైనంతే మనకూ అర్థం. అందుకే చెట్ల మధ్య ఉన్న మేరీమాత విగ్రహం దగ్గర ఆమె అమ్మకోసం సిగరెట్లు పెట్టినప్పుడు మనకు నవ్వు రాదు. అవి అమ్మకు చేరతాయనే మనమూ నమ్ముతాం.

ఈ సినిమా మీద నాకున్న గౌరవమంతా మరోచోట ఉంది. తల్లిలేని పిల్లను ఇది దేవతను చేయలేదు. ఫ్రీడా అసూయపడుతుంది, అబద్ధమాడుతుంది, ఆనాను అడవిలో వదిలేసి వచ్చేస్తుంది. అమ్మానాన్నలున్న పిల్లను చూస్తూ ఆ ఇంట్లో బతకడం ఎంత కష్టమో ఫ్రీడాగా నటించిన లాయియా ఆర్తిగాస్ కళ్లలో ఆ క్రూరత్వంతో పాటే కనిపిస్తుంది. తెరమీద నేను చూసిన బాల నటనల్లో దీన్ని మించినది లేదు.

ఏడుపు చివర్లో వస్తుంది, మంచం మీద గెంతుతూ నవ్వుతున్నప్పుడు. ఎందుకేడుస్తున్నావంటే ఆమెకే తెలియదు. కానీ ఆ ఏడుపుకు దారి వేసింది అంతకుముందు మార్గాతో జరిగిన సంభాషణ. అమ్మ ఎలా చనిపోయిందని ఫ్రీడా అడుగుతుంది. మార్గాగా నటించిన బ్రూనా కుసీ ఆ జవాబులు చెప్పే తీరు ఎంత గొప్పది! కౌగిలించుకోదు, కళ్లు తుడుచుకోదు, మాట దాటేయదు. జబ్బు చేసింది, డాక్టర్లు నయం చేయలేకపోయారు అని ఉన్నదున్నట్టు చెబుతుంది. అడిగినదానికి ఒక పెద్ద మనిషి నేరుగా బదులివ్వడంతో, ఆ ఇల్లు ఫ్రీడాకు మొదటిసారి తనదవుతుంది.